ఆదివారం బల్ల

కుట్టుమిషన్ విప్పి పరిచిన భోజనాల బల్ల దగ్గర అత్తాకోడళ్ల వాదన అప్పటికే ముదిరింది. కోడలు కుట్టుమిషన్ల కంపెనీలో మెకానిక్కు.

"కంచం పెట్టడానికి జానెడు చోటు లేదు. ఆ నూనె మరకలు చూడు!"

"ఈ ఒక్కటే అత్తయ్యా. ఇక ఎవరి మిషన్లూ ఇంటికి రిపేరుకి తీసుకోను."

"తీసుకోవద్దని నేనెప్పుడన్నాను? మొన్న ఆ పెద్దావిడ మిషన్ తెస్తే, నువ్వు ముట్టుకోకుండా ముందు ఆవిడ చేతే కుట్టించావు. ఎందుకు?"

"సగం లోపం కుట్టే చేతిలోనే ఉంటుంది. ఆవిడ గుడ్డను వెనకనుంచి లాగుతోంది, అందుకే సూదులు విరుగుతున్నాయి."

"అంత ఓపిగ్గా చూసేవాళ్లు ఎక్కడున్నారు? సొంతంగా బోర్డు పెట్టవే పిల్లా."

"ఉద్యోగం మానేసేంత ధైర్యం నాకు లేదత్తయ్యా."

"మానమని ఎవరన్నారు? మీ మేనేజరుకి చెప్పి ఆదివారాలు చేసుకో. కంపెనీ కస్టమర్ల జోలికి పోకు. పాతవని వాళ్లు తిప్పి పంపేసే మిషన్లే నీకు బోలెడు."

"మరి, బల్ల?"

అత్తగారు లోపలినుంచి చాప తెచ్చి నేలమీద పరిచింది.

"ఏమర్రా, అందరూ భోజనాలకు రండి. ఇకనుంచి ఆదివారాలు మనం కిందే తింటాం. బల్ల కోడలి షాపు."