మెట్ల మీద ఫోను

బట్టల కంపెనీలో భోజనాల బెల్లు మోగి చాలాసేపయింది. ఆ వేళకు రోజూ ఫోను పట్టుకుని మెట్ల మీదికి పరుగెత్తే పిట్ట, ఇవాళ తన మిషను దగ్గరే తల వంచుకుని కూర్చుంది. కాజాలు కుట్టే పెద్దక్క పక్కకు వచ్చి స్టూలు లాక్కుంది.

“ఏమే పిట్టా, మీ ఆయనకి ఫోన్ చెయ్యవా ఇవాళ?”

“తలనొప్పిగా ఉందక్కా.”

“ఆయన గొంతు వింటే పోతుందిగా. నువ్వే అంటావు.”

“ఆయనకి... ఏదో పనుందిట.”

“తిన్నావా అని కూడా అడక్కుండా ఉంటాడా? అంత ప్రేమ ఒలకబోసే మనిషి!”

“వదిలెయ్యక్కా.”

“పోట్లాడుకున్నారా?”

“లేదు.”

“మరి ఆ కళ్ళేంటే, అలా ఉబ్బిపోయాయి?”

“పాపకి పళ్ళొస్తున్నాయి. రాత్రంతా ఏడుపే.”

“ఆయన ఎత్తుకోడా?”

“ఎత్తుకుంటాడు... ఎత్తుకుంటాడులే... అక్కా, నీకొకటి చెప్తా. ఎవరితోనూ అనవుగా?”

“నా నోటి సంగతి నీకు తెలీదూ!”

“ఆయన లేడు. పాప కడుపులో ఉండగానే నన్నొదిలేసి వెళ్ళిపోయాడు.”

“అయ్యో! మరి రోజూ మాట్లాడేదెవరితోనే?”

“ఎవరితోనూ కాదు. కాలర్లు కుట్టే ఆవిణ్ణి మొగుడు వదిలేశాడని తెలిశాక మీరంతా ఎంత ఏడిపించారో చూశాగా. మీ వేళాకోళాలు పడలేక పని మానేసి పోయింది. నేనూ అలా పోతే పాపకి పాలెక్కడివి? అందుకని మొదలెట్టా. తర్వాత్తర్వాత... అలా కాసేపు ‘ఏమండీ, ఏమండీ’ అనుకుంటే గుండెదడ తగ్గేది. ఇవాళ పొద్దున పాపని ఎత్తుకుని కూడా అలాగే మాట్లాడేశానక్కా. అది నా మొహంకేసే చూస్తోంది. భయమేసింది. ఇంక మానేస్తా.”

“మానేస్తావా?”

“నీకు చెప్పుకున్నాగా, బరువు దిగింది. అబద్ధమాడానని కోపమా?”

“కోపమెందుకే? నాకు ముందే తెలుసు.”

“ఎలా?”

“మొన్నామధ్య నువ్వు మాట్లాడుతుండగానే ఫోను మోగింది. నీ చెవి దగ్గరే. గతుక్కుమన్నావు. మళ్ళీ సర్దుకుని, ‘ఏమండీ, ఎవరో కాలింగ్ బెల్ కొడుతున్నట్టున్నారు, చూడండి’ అన్నావు.”

“...నువ్వొక్కదానివేగా విన్నది? అక్కా? నువ్వొక్కదానివేగా?”

“లే, లే, మొహం కడుక్కో. మానేస్తే ఎలాగే? బాక్సులు పట్టుకుని అందరూ నీ ఫోను మాటల కోసం ఎప్పట్నించో మెట్ల కింద కూర్చున్నారు. ఇంకా రాలేదేమిటని నన్ను పంపారు.”