పట్టాముక్క ఇక్కడే ఉండాలి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన మన పప్పు మిల్లు యజమాని బాల్‌రాజ్ గారికి, నా మీది అభిమానంతో వికారాబాద్ నుంచి రైలెక్కి తాండూరు వచ్చిన ఆసుపత్రి కాంపౌండరు ఏసుదాసు గారికి, పెద్దలకు, పప్పు చెరిగే అక్కచెల్లెళ్ళకు, ఇంజిను గది తమ్ముళ్ళకు నమస్కారం. రెండు చేతులూ జోడించడం మర్యాద. నాకున్నది ఎడమచేయి ఒక్కటే గనుక దానితోనే సరిపెట్టుకోండి. (నవ్వులు) నవ్వండి, నేను ఏడ్చినన్నాళ్ళు ఎవరూ నవ్వలేదు.

పోలీసు యాక్షన్ అయిన మూడేళ్ళకు జరిగిన సంగతి కొత్తవాళ్ళకు తెలియదు. అప్పట్లో బెల్టు చక్రం మీది నుంచి జారితే ఇంజిను ఆపేవాళ్ళం కాదు. ఆపితే మళ్ళీ తిప్పి లేపేసరికి నలుగురి నడుములు పడిపోయేవి. అందుకని తిరిగే చక్రం మీదికే చేత్తో ఎక్కించేవాళ్ళం; అలా ఎక్కించినవాణ్ణి మొనగాడని మెచ్చుకునేవాళ్ళం కూడా. ఆ రోజు నా చొక్కా చేయి బెల్టు కింద చిక్కి, కుడిచేయి నలిగిపోయింది. మగవాళ్ళంతా కేకలు పెడుతుంటే, చేతిలోని చాట పారేసి కర్రతో బెల్టును చక్రం మీది నుంచి తోసేసిన మనిషి అదుగో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మూలన కూర్చుంది, మన రుక్కమ్మ. (చప్పట్లు)

వికారాబాద్ ఆసుపత్రిలో ఎడమచేత్తో అన్నం తిననని నేను మొండికేస్తే, ఈ ఏసుదాసు గారు, "తినకుంటె నీ భార్య బుగ్గమ్మను పిలిచి అందరి ముందట తినిపియ్యమంట. ఇజ్జత్ ఉంటదా నీకు?" అన్నారు. గబగబా తిన్నాను. (నవ్వులు) అయ్యా, ఆ ముద్దే నన్ను బతికించింది.

అసలు కష్టం తిరిగొచ్చాకే. దసరాకు ఇంజినుకు పసుపు కుంకుమలు పెడుతుంటే, తోటివాళ్ళే నన్ను గడప దగ్గర ఆపేశారు. "ఇంజినుకు రక్తం రుచి తగిలింది, నువ్వు కనబడితె మల్ల అడుగుతది" అన్నారు. బాల్‌రాజ్ గారూ, ఏమీ అనుకోకండి, మీరూ అప్పుడు వాళ్ళను వారించలేదు. చేయి పోయిన రోజు కంటే ఆ రోజే ఎక్కువ ఏడ్చాను.

రుక్కమ్మే లేచి బాల్‌రాజ్ గారిని నిలదీసింది. "ఇంజినుకేం ఎరుక, పటేలా? ఆపకుండ చెయ్యి పెట్టమన్నది మనమే గద! నర్సప్పకు పనియ్యకుంటె మేం చాటలు పట్టం" అంది. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పండగపూట మిల్లంతా పరేషాన్! చివరికి బాల్‌రాజ్ గారు ఈ షెడ్డు దూలానికి రైలుపట్టా ముక్క వేలాడదీయించి, ఇనుప కడ్డీ నా చేతిలో పెట్టారు. "బెల్టు జారితె నువ్వు గంట కొట్టు. ఇంజిన్ ఆగినంకనే ఎక్కిస్తరు" అన్నారు. పని ఆగినా సరేనన్న ఆ మాటకు నా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం. అటు తర్వాత ఈ మిల్లులో ఎవరి చేయీ పోలేదు.

మొన్న మన మేస్త్రీ ఈరయ్య, మంచి మనసుతోనే, "నర్సప్ప పోయినంక గా పట్టాముక్క బడికిద్దాం, పిల్లలకు పనికొస్తది" అన్నాడు. ఈరయ్యా, నీ మీద కోపం లేదు గానీ అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. బడికి కావాలంటే ఇంకో ముక్క వెతికి నేనే మోసుకెళ్ళి ఇస్తాను. ఇది మాత్రం ఇక్కడి నుంచి కదలకూడదు. నేను పోయిన మర్నాడే మళ్ళీ మొనగాళ్ళు పుట్టుకొస్తారని నా భయం.

రుక్కమ్మా, ఇలా రా. "నాకెందుకన్నా గిదంత?" అంటోంది, వినండి! నీకు కాక ఇంకెవరికి? ఈ కడ్డీ పట్టుకో. బాల్‌రాజ్ గారూ, మీ మాట? (అధ్యక్షులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.) చాలు, నా కడుపు నిండింది.

కొట్టమ్మా ఒకసారి, గట్టిగా. (గంట మోగింది.)

చూశారా! ఇంజిను గది తమ్ముళ్ళందరూ కూర్చున్నచోటే చేతులు వెనక్కి లాక్కున్నారు! (నవ్వులు) నాకు శాలువా కప్పారు, దండ వేశారు, సంతోషం. కానీ నాకు సన్మానం అంటే ఇదిగో, ఇప్పుడు జరిగింది. ఇన్ని చేతులను కళ్ళారా చూసుకుని వెళుతున్నాను. సెలవు.