డేరా సినిమాలో కేక

ఆ చింతబరిక నీళ్ళలో యాల నానబెడతాండావు సామీ? ఎండుది చాల్దా? నానితే అది వంగి వంగి తగుల్తాదే! ఏం మనిషివప్పా నువ్వు!

కోప్పడొద్దు కుళ్ళాయప్ప సామీ. దయ్యాలు ఇడిపించేదాంట్లో ఈ సుట్టుపక్కల నీ అంతోడు లేడు, నాకు తెలుసు. నేనా? ఓబుళేసును. ఈ ఊరి చేన్లకు కావలోన్ని. లోపల గుంజకు కట్టేసింటారే సుంకమ్మను, దాని మొగుణ్ణి.

ఊరంతా వాకిట్లో కూచోనుండారు. వాళ్ళు పిలిచేలోగా నీతో ఒగ మాట చెప్పల్ల. ఇట్ల గొడ్లపాక వెనక్కి రా.

దానికి దయ్యం యాడ పట్టింది సామీ? మొన్న ఆదివారం కంబదూరుకు డేరా సినిమా వచ్చిందంటే బండ్లు కట్టుకోని పోతిమి. ఇసకలో కూచుంటిమి. మగోళ్ళు ఈపక్క, ఆడోళ్ళు ఆపక్క, మద్దెన గోనెపట్టా తెర. ఆ తెరకానుకోని ఈపక్క నేను, ఆపక్క సుంకమ్మ.

బొమ్మలో పాడుబడిన బంగళా. తెల్లచీర కట్టుకోని, జుట్టు ఇరబోసుకోని, ఒగామె దీపం పట్టుకోని వస్తాంటుంది. ఆయమ్మ ఇట్ల ముఖం తిప్పిందో లేదో, డేరాలో ఒగ కేక! సన్నగా, పొడుగ్గా. మిషను తిప్పేటోడు గూడా బెదిరి ఆట నిలిపేసినాడు.

లైట్లేసిరి. అందరూ ఆడోళ్ళ పక్కే చూసిరి. ఒగడన్నా ఈపక్కకు తిరిగినాడా? యాల తిరుగుతాడు! బొమ్మలో గూడా అంతే కదప్పా. దయ్యమూ ఆడదే, దాన్ని చూసి అరిచేదీ ఆడదే. మగోడు బ్యాటరీలైటు పట్టుకోని ఉరికొచ్చి కాపాడతాడు. మగోడు అరిచేది ఏ బొమ్మలోనన్నా చూసినావా నువ్వు?

సుంకమ్మ తెర సందులోంచి నా పక్క చూసినాది. చూసి, లేసి నిలబడి, "నేనే అరిచినా" అనింది. అంతే! మా పక్కింటి తిప్పయ్య, "దయ్యం పట్టిందిరా, పట్టుకోండి" అని ఎగిరినాడు.

మర్నాడు తలకు పోసుకోని జుట్టు ఆరబెట్టుకుంటే, "చూడండి, బొమ్మలో మాదిరే ఇరబోసుకుంది" అనిరి. ఎవరేమడిగినా మాట్లాడకుంటే, "లోపలుండేది మాట్లాడనియ్యలేదు" అనిరి. మాట్లాడితే ఏం చెప్తాదప్పా? దాని దగ్గర చెప్పేది ఒగటే ఉండాది.

ఏం సామీ, అట్ల చూస్తావు?

అవును. నేనే. ఆ కేక నాదే.

ఈ మీసాలు చూసి నవ్వొద్దు. చిర్తపులిని కట్టెతో తరిమినోడు అని చెప్పుకుంటారు నన్ను. తరిమినా గూడా! కానీ ఆ బొమ్మ చూసి నా గొంతులోంచి ఆ కేక ఎట్ల వచ్చెనో, నా తల్లితోడు, నాకే తెలీదు.

చెప్తిని కదా, ఇంగ ఆ బరిక పారెయ్యి. ఏమీ? బయటికి పోయి ఆ మాటే చెప్పల్లనా? అందరి ముందరా? అదెట్లయితాది సామీ! మూడేండ్లుగా సరైన వానల్లేవు. ఈ కావలి పనే మాకింత సంగటి పెడతాండాది. బొమ్మను చూసి అరిచినోన్ని ఎవరప్పా కావలి పెట్టుకునేది? నాకు భయమైతాండాది.

నువ్వే చెప్పరాదా, దయ్యం లేదని? ఊరోళ్ళు ఒప్పుకోరా? వాళ్ళ కండ్లారా చూసినారు కదా, బొమ్మలో.

అయ్యో, అప్పుడే పలకడప్పు మోగుతాండాది. దాన్ని బయటికి తెస్తాండారు. చూడు, నా పక్కే చూస్తాండాది, ఆ పొద్దు తెర సందులోంచి చూసినట్లే. ఇప్పుడన్నా చెప్పొచ్చు కదా, ఆ కేక మా ఆయప్పదని! చెప్పదు. సచ్చినా చెప్పదు.

ఏమంటాండారు వాళ్ళు? నన్నా? జుట్టు పట్టుకునేదానికా? మొగుడే పట్టుకోవల్లనంటనా? మగోడైతే బెదరడంటనా?

సరే. పట్టుకుంటా పా.

మెల్లగా కొట్టు సామీ.