పీనుగ లేని చోట

చావు జరిగిన ఇళ్లలో ఆడవాళ్లు ఏడుస్తూ పాడే ఒప్పారి పాటల మీద ఆమె చేసిన పరిశోధనకు యూనివర్సిటీ రేపు పురస్కారం ఇస్తోంది. ఆ పాటలు చాలావరకు మేనత్త నోటివే. అందుకే సాయంత్రం బస్సెక్కి అత్త ఊరు మురుంగపాక్కం వచ్చి, అత్త పక్కన తిన్నె మీద కూర్చుంది.

"స్టేజీ మీద ఒక పాట పాడమంటా ఉండారత్తా."

"పీనుగ లేని చోటా? ఎవరికి కీడు కోరి?"

"పాడనని చెప్పేసినా."

"అట్లయితే అవార్డు ఇయ్యం పో అంటేనో?"

"ఇయ్యకపోతే పోనీ. నువ్వు గుండెలు బాదుకోని పాడింది నేను చప్పట్లకు పాడను."

అత్త వక్కాకు నములుతూ వీధి వైపే చూసింది. కోపం వచ్చిందేమో అనుకుంది ఆమె.

"నా కోడండ్లకు ఒక్క పాటా రాదు. తెలుసు గదా?"

"తెలుసత్తా."

"నేను పోయిన దినం నువ్వే పాడాల."

ఊళ్లో ఇంతమంది పాడేవాళ్లుండగా అత్త తనను అడిగింది.

"పాడతా."

"సరిగ్గా పాడు. తప్పు పాడినావంటే లేచి కూర్చుంటా."