రిలీవర్ రాందే దిగకూడదు

సభకు అధ్యక్షత వహిస్తున్న పాస్టర్ ఏలీషా గారికి, ఒంట్లో బాగోకపోయినా నా కోసం నెహ్రూ నగర్ నుంచి వచ్చిన మా పాత ఫోర్‌మన్ ధర్మారావు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే బిస్కెట్ల డబ్బా వైపు చూస్తున్న పిల్లలకు ఈ దేవానందం వందనాలు.

ఐదు నిమిషాల్లో ముగించమని పాస్టరు గారు చీటీ పంపారు. అయ్యగారూ, ఇన్నేళ్లు మీ ప్రసంగాలు నేను విన్నాను, ఈ ఒక్కరోజు నాది మీరు వినండి. (నవ్వులు)

స్టీల్ ప్లాంటులో పనిచేసినవాళ్లకు తెలుసు, చెయ్యనివాళ్ల కోసం చెబుతున్నాను. సైరన్ మోగినా సరే, రిలీవర్, అంటే మన చోట నిలబడవలసిన తరవాతి షిఫ్టు మనిషి, వచ్చేదాకా మిషను వదిలి దిగకూడదు. వచ్చాక కూడా ఏది వేడిగా ఉందో, ఏది మొరాయిస్తోందో చెప్పి మరీ దిగాలి. రైల్ మిల్లులో ముప్ఫై మూడేళ్లు అలాగే దిగాను. ధర్మారావు గారూ, ఒక్కరోజైనా తప్పానా? చూడండి, తల ఊపుతున్నారు. ఈ సండే స్కూల్లో మాత్రం ఇరవై నాలుగేళ్లు సూపరింటెండెంటుగా నిలబడ్డాను, రిలీవర్ రాలేదు. రాలేదని ఊరంతా చెప్పుకున్నాను గాని, రానివ్వనిది నేనేనని ఎక్కడా చెప్పుకోలేదు. ఇవాళ చెబుతాను.

నా పద్ధతి ఏమిటంటే, పదిహేను పదహారేళ్ల పిల్లలు వస్తే చాపలు పరవాలి, మంచినీళ్లు అందించాలి, చిన్నపిల్లల చెప్పులు వరసలో పెట్టాలి. పాఠం చెప్పడం నలభై దాటినవాళ్ల పని. హెల్పరుగా ఏళ్లు గడవందే ఆపరేటరు కాకూడదని మిల్లులో నేర్చుకున్నది తెచ్చి దేవుడి ఇంట్లో పెట్టాను. చాపలు పరిచినవాళ్లు పదో క్లాసు కాగానే మానేసేవారు. ఈ కాలం పిల్లలకు భక్తి లేదని నేను నిట్టూర్చేవాణ్ణి.

మూడేళ్ల క్రితం దెబోరా, అప్పటికి పదిహేనేళ్లు, ఒక చార్టు రాసి గోడకు పెట్టింది. ఆ వారం పిల్లలు కంఠతా పట్టవలసిన బైబిలు వాక్యం. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం హిందీవి. ఈ హిందీ ప్రాంతంలో పుట్టిన మన పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు, అందుకని అలా రాసింది. నాకు ఒళ్లు మండింది. "తెలుగు సంఘంలో హిందీ రాతలేటి?" అని అందరి ముందూ ఆ చార్టు చించేశాను. ఆ పిల్ల ముక్కలు ఏరుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక పెద్దపిల్లలందరూ మానేశారు, వాళ్లతో పాటు వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ మానేశారు. ఆరు వారాలు తిరిగేసరికి నా ముందు నలుగురు మిగిలారు. సండే స్కూలు మూసేసి ఆ గదిలో సామాన్లు పెట్టుకుందామని కమిటీలో మాట వచ్చింది. అన్నవారు ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను, గళ్ల చొక్కా తొడుక్కున్నారు. (నవ్వులు)

స్మృతి నగర్‌లో దెబోరా వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన నాయనమ్మ, "ఏటి దేవానందం బాబూ, ఇంకేటైనా సింపడానికొచ్చేవా?" అంది. టీ ఇచ్చింది. అందులో పంచదార మర్చిపోయిందో, మానేసిందో నేను అడగలేదు. "తప్పయిపోయింది తల్లీ" అని దెబోరాతో అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు, మా ఆవిడ అదిగో ఆ వరసలో ఉంది, కావాలంటే అడగండి. (నవ్వులు) ఆ పిల్ల ఊరికే ఒప్పుకోలేదు, షరతు పెట్టింది. "వస్తాం తాతగారూ, లేకిన్ పాఠం మేమే చెప్తాం. మీరు వెనక బెంచీ మీద కూర్చోవాలి. పాఠం బీచ్ మే ఏం మాట్లాడకూడదు."

కూర్చున్నాను. చిన్నపిల్లల బెంచీ అది, నా మోకాళ్లు గడ్డానికి తగిలేవి. మందను వదిలి కాపరి వెతుక్కుంటూ వెళ్లిన ఆ తప్పిపోయిన గొర్రె కథను ఆ పిల్ల సగం తెలుగులో, సగం హిందీలో చెబుతుంటే మూడుసార్లు దిద్దబోయి మూడుసార్లూ నోరు నొక్కుకున్నాను. ఇంతలో ఆరేళ్ల కుర్రాడొకడు లేచి, "దీదీ, మిగతా గొర్రెల దగ్గర ఎవరున్నారు? వాటికి డర్ వెయ్యలేదా?" అన్నాడు. అన్నేళ్లలో నన్ను ఏ పిల్లా ప్రశ్న అడగలేదు. శ్రద్ధగా వింటున్నారని మురిసిపోయాను, నిజానికి భయపడి కూర్చున్నారు. దెబోరా ఏమందంటే, "ముఝే భీ నహీ పతా. అందరం కలిసి ఆలోచిద్దాం." నాకు తెలీదు అనే మాట ఆ గదిలో నేను ఒక్కసారీ అనలేదు.

అప్పుడు నా కొడుకు గుర్తొచ్చాడు. మార్టిన్ పదహారేళ్లప్పుడు, "నాన్నా, ఈ వారం దావీదు కథ నేను చెప్తాను" అన్నాడు. కాగితం మీద రాసుకుని కూడా వచ్చాడు. ముందు చాపలు తిన్నగా పరవడం నేర్చుకోమన్నాను. రెండేళ్లు పరిచాడు, తరవాత గుడి గడప తొక్కలేదు. ఉద్యోగం, పెళ్లి, కుమ్హారిలో కాపురం అన్నీ అయ్యాయి. మా ఇంటికి వస్తాడు, గుడికి రాడు. పందొమ్మిదేళ్లు. ఊళ్లో పిల్లలందరినీ పోగేసి కూర్చోబెట్టిన నేను నా పిల్లాణ్ణి పోగొట్టుకున్నాను. ఇది నాకు చాలా బాధ, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇక ఇప్పటి సంగతి వినండి. నలుగురు మిగిలిన ఆ గదికి ఈ వేసవి క్లాసుల్లో డెబ్భై ఒక్కమంది వచ్చారు. పాఠాలు చెప్పింది పద్నాలుగు మంది పెద్దపిల్లలు. వెనక బెంచీల మీద మనలాంటివాళ్లం, నోరు మూసుకుని. మొన్న ఆదివారం ఇదే వేదిక మీద ఆ డెబ్భై ఒక్కమంది ఒక కీర్తన మొత్తం తెలుగులో, ఒక్క మాట తడబడకుండా అప్పజెప్పారు. నేర్చుకున్నది హిందీ అక్షరాల్లో. నేను చించిన ఆ చార్టు టేపు అతుకులతో ఆ గది గోడ మీదే ఉంది, వెళ్లేటప్పుడు చూడండి. మన పిల్లలు గెలిచారు, గట్టిగా చెప్పుకుందాం. (చప్పట్లు)

ఆ క్లాసులకు నా మనవరాలు జాయ్ కూడా వచ్చింది. మార్టిన్ కుమ్హారి నుంచి తెచ్చి దింపి, గేటు బయట స్కూటరు మీద కూర్చునేవాడు. మూడో రోజు దెబోరా వెళ్లి, "అంకుల్, వెనక బెంచీకి పెద్దవాళ్లు తక్కువయ్యారు, కూర్చుంటారా?" అంది. పందొమ్మిదేళ్లలో నేను చెయ్యలేని పనిని ఆ పిల్ల ఒక్క మాటతో చేసింది. ఐదో రోజు నేను పక్కగదిలో చాపలు మడతపెడుతుంటే గోడ అవతల నుంచి దావీదు కథ వినిపించింది. గొంతు పోల్చుకున్నాను. చాప పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పెద్దపిల్లలందరూ కలిసి నిర్ణయించారు, కమిటీ ఒప్పుకుంది. ఇకపై పాఠాల చార్జి దెబోరాది, వెనక బెంచీ మార్టిన్‌ది. రూలు ప్రకారం రిలీవరుకు చెప్పవలసింది చెప్పి దిగాలి కదా. మార్టిన్, ఆ బెంచీ ఎడమ కాలు ఊగుతుంది, చూసి కూర్చో నాన్నా. మిగతాదంతా పిల్లలు చెబుతారు, విను. చాపలు నేను వచ్చి పరుస్తాను.

ఇంతసేపు ఓపిక పట్టిన మీ అందరికీ, ముఖ్యంగా చీటీ పంపిన పాస్టరు గారికి కృతజ్ఞతలు. నా రిలీవర్ వచ్చాడు. సెలవు.