వెనక సీట్లో సవరం

2016, ఉగాది వెళ్ళిన శనివారం. న్యూజీలాండ్, ఆక్లండ్‌లోని ఫ్లాట్ బుష్. తెలుగువాళ్ళ సంబరాలు జరుగుతున్న హాలు బయట, ఆపిన కారులో తండ్రీ కూతురూ.

"పోనీ చున్నీ అయినా కప్పుకో సిరీ."

"తలకా? ఎందుకు నాన్నా?"

"గాలి."

"ఇక్కణ్ణించి హాలు నాలుగడుగులు. అయినా తలమీద చున్నీ మనవాళ్ళలో ఎవరు కప్పుకుంటారు?"

"వెనక సీట్లో సవరం ఉంది. జుట్టు పొట్టిగా కట్ చేయించుకున్నానని ఫోన్లో అన్నావుగా. నర్సింగ్ పాసయ్యావని నీకు చేసే సన్మానానికి దీన్ని కలిపి జడ వేయిద్దామని ఇండియన్ షాపులో కొన్నా."

"చూశా. మోకాళ్ళ దాకా ఉంది. దేనికి కడతావు దాన్ని? ఇక్కడ రెండంగుళాలు కూడా లేదు."

"పొట్టిగా అన్నావు. ఇలా అని చెప్పలేదు."

"ఇలా అంటే?"

"ఇలా అంటే... ఇలా."

"రింగులు రింగులు అను నాన్నా, బూతేం కాదు. ఏడాది నుంచీ రింగులు సాఫీ చేసే ఆ క్రీమ్ మానేశా. క్రీముతో సాగదీసినదంతా కట్ చేయించేశా. ఇరవై రెండేళ్ళకి నా జుట్టెలా ఉంటుందో మొదటిసారి చూసుకున్నా. సగం నువ్వు, సగం అమ్మ. నేను నల్లజాతి పిల్లని, నా జుట్టు ఇదీ. మొదట్లో నాకూ సిగ్గేసింది, వారం రోజులు డునెడిన్‌లో కాలేజీకెళ్ళే బస్సులో టోపీ తీయలేదు."

"మరి ఇవాళొక్కరోజు ఆ టోపీ..."

"నాన్నా!"

"ఊరికే అన్నాలే."

"ఇందాక ఎయిర్‌పోర్టులో నన్ను చూడగానే పక్కకి తిరిగావు. నేను చూశాను."

"ట్రాలీ కోసం చూశా."

"నాకున్నది ఒక్క హ్యాండ్‌బ్యాగు."

"సరే, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్ళాక కాదు, లోపల నాకు మైకిస్తారు. అమ్మ గురించి చెప్దామనుకుంటున్నా. అమ్మ జింబాబ్వేలో, హరారేలో నర్సు, ఇప్పుడు నేనూ నర్సునయ్యాను అని. స్క్రీన్ మీద వేయమని అమ్మ ఫోటో, సభ నడిపే గిరిజ ఆంటీకి పంపేశా."

"ఏ ఫోటో?"

"పోయిన సెలవులకి వచ్చినప్పుడు నీ సూట్‌కేసు అడుగున దొరికింది. జుట్టు గుండ్రంగా, ఇంతెత్తున. నవ్వుతోంది."

"ఎప్పుడు పంపావు?"

"పొద్దున."

"ఎంత పని చేశావే!"

"ఏం చేశాను? మా అమ్మే కదా!"

"అమ్మ గురించి వద్దు తల్లీ. ఇంకేదైనా చెప్పు. మీ టీచర్ల గురించి చెప్పు."

"ఎందుకు?"

"ఎందుకంటే... అమ్మ పోయాక పామర్‌స్టన్ నార్త్ నుంచి ఇక్కడికొచ్చేశాం కదా. నీకప్పుడు ఐదేళ్ళు. ఇక్కడెవరూ అమ్మని చూడలేదు. మీ ఆవిడ ఎవరమ్మాయండీ అని అడిగారు. నేను... నోటికొచ్చింది చెప్పేశాను."

"ఏమని?"

"ఫిజీ అని."

"అమ్మకీ ఫిజీకీ ఏం సంబంధం?"

"ఫిజీ ఇండియన్ అని. తాతల కాలంలో అక్కడికెళ్ళిన తెలుగువాళ్ళున్నారు కదా, వాళ్ళమ్మాయి అని. 'అయితే మనవాళ్ళే' అన్నారు అందరూ. మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు. జింబాబ్వే నల్లమ్మాయిని చేసుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు సిరీ."

"ఒక్క నిమిషం. ఆరు వారాలకోసారి బాత్రూమ్‌లో నువ్వే గ్లవ్స్ వేసుకుని నా తలకి క్రీమ్ రాసేవాడివి. మంట నాన్నా అంటే, ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకో బంగారం అనేవాడివి. ఒకసారి చెవి వెనక చర్మం ఊడొచ్చింది. చిక్కు పడకుండా అన్నావు. అదంతా ఇందుకా?"

"చిక్కు కూడా పడేది."

"నాన్నా."

"ఇందుకే. నలుపు రంగు మనవాళ్ళలోనూ ఉంది. జుట్టే పట్టిస్తుందని భయం."

"నా జుట్టు మంచిది కాదనుకున్నాను. ఇన్నేళ్ళూ."

"తప్పు చేశాను తల్లీ. నువ్వు పడుకున్నాక కూర్చుని ఏడ్చేవాణ్ణి. మళ్ళీ ఆరు వారాలకి డబ్బా తీసేవాణ్ణి. మీ అమ్మ పేరు, రుదో అని, ఇంట్లో కూడా పైకి అనడం మానేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నిన్ను చూసి కాదు, నన్ను చూసుకుని."

"అయితే నాతో లోపలికి రా. నా పక్కన నిలబడు. ఎవరైనా అమ్మ గురించి అడిగితే నిజం చెప్పు. నాకు ఇంకేం వద్దు."

"చెప్తాను."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. దిగు. అదుగో, గిరిజ గారే వచ్చేస్తున్నారు."

"రాజారావు గారూ! ఇక్కడే కూర్చున్నారేంటండీ? లోపల పేర్లు పిలిచేస్తుంటే! అమ్మో సిరీ, ఇదేంటే, అచ్చం ఫోటోలో మీ అమ్మలాగే ఉన్నావు!"

"థాంక్యూ ఆంటీ."

"ఆ ఫోటో చూసి మేమంతా ఒకటే ఆశ్చర్యపోయామండీ. ఫిజీలో మన తెలుగువాళ్ళమ్మాయి అన్నారు కదా మీరు! ఆవిడ తల్లి తరఫువాళ్ళు అక్కడి అసలు ఫిజీవాళ్ళేమో, వాళ్ళ జుట్టు అలాగే ఉంటుంది అని మావారన్నారు. అంతేనా అండీ?"

"అదీ... అదేంటంటే గిరిజ గారూ..."

"చెప్పు నాన్నా. ఆంటీ అడుగుతున్నారు."

"అంతేనండీ. తల్లి తరఫు. ఫిజీవాళ్ళే."

"పదండి ఆంటీ. నాన్న రారు. మా అమ్మది ఏ ఊరో లోపల నేను చెప్తాను."