బెన్హర్ బండి సముద్రం మీద పోయిన సంగతి

బోగోలు సెంటర్లో నాది టీ కొట్టు. గంగులయ్య కొట్టంటే ఎవరైనా చూపిస్తారు. పాలల్లో ఎన్ని నీళ్లు పోస్తే ఇంకా పాలే అంటారో నాకు బాగా తెలుసు. అందుకే బెన్హర్ నోరు తెరిస్తే చాలు, నాకు అనుమానం మొదలవుతుంది.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయాక బెన్హర్ తన ఏడు సీట్ల బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా జడ్సన్, అతని భార్య కరుణాకుమారి. ఆ పిల్లకి కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరి డయాలసిస్‌కి నెల్లూరు పోవాలి. బస్సుల్లో నిలబడలేకపోతోంది. బెన్హర్ బండి అమ్ముతున్నాడని తెలిసి, తమ డబ్బుకి అందే బండి అదొక్కటేనని ఇద్దరూ వచ్చారు. మొదటి ప్రశ్న ఆ పిల్లే అడిగింది.

"తెల్లారి చలికి స్టార్టవుద్దా అన్నా?"

"స్టార్టా?" బెన్హర్ పకపకా నవ్వాడు. "చెల్లెమ్మా, దీన్ని ఆపేదెట్టా అని అడగాల నువ్వు! పోయినేడు మా మరదలి పెళ్లికి కావలి నుంచి వెంకటాచలం పోయినాం. ఏడు సీట్లలో పదకొండు మందిమి, పైన పెళ్లికూతురి బీరువా, అందులో చీరలు కూడా తియ్యలా, ఏసీ ఫుల్లుగా పెట్టినా. బండి ఒక్కసారన్నా దగ్గిందా? దగ్గలా! కావలిలో డీజిలు ముల్లు సగానికి ఉండింది. వెంకటాచలంలో దిగి చూస్తే ఏమైందో తెలుసా? ముక్కాలుకి లేసింది!"

"డీజిలు పెరిగిందా అన్నా?" అన్నాడు జడ్సన్.

"పెరగదా మరి? ఇది తాగేది తక్కువ, దాచుకునేది ఎక్కువ. ఆ సంగతి బయటికి పొక్కితే బంకులోళ్లంతా కలిసి నామీద కేసేస్తారని నోరు మూసుకోని ఉండా."

నోరు మూసుకున్న బెన్హర్‌ని నేనైతే ఎన్నడూ చూడలేదు. జడ్సన్ మాత్రం తలూపాడు. మంచివాడు, ఎవరేం చెప్పినా తొందరగా నమ్ముతాడు. నాకు అదే భయం. కరుణాకుమారి టీ గ్లాసు ముట్టుకోలేదు. ఆమెకి నీళ్లు కూడా కొలిచి తాగమన్నారట. బెన్హర్ మొహం వంకే చూస్తోంది.

"చలి సంగతి చెప్పలేదన్నా," అంది మళ్లీ.

"ఆడికే వస్తా ఉండా! మొన్న తుఫానులో చలి ఎట్టుండిందో తెలుసు గదా? సముద్రం ఊరి మీదకి వస్తా ఉండాది, కొబ్బరిచెట్లు పడుకోని లేస్తా ఉండాయి, ఒడ్డుకి ఫర్లాంగు దూరంలో పడవ ఒకటి ఇరుక్కుపోయింది. అందులో ఆరుగురు. పోలీసులు చేతులెత్తేసినారు. నేను మీ వదినతో, 'పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించు, ఊరికే అట్టా పోయొద్దాం' అన్నా."

"పిల్లల్ని ఎందుకయ్యా?" అన్నాను నేను.

"ఫ్యామిలీ బండి గదా మామా, ఫ్యామిలీ లేకుండా కదలదు! బండికి మోకు కట్టినా, అలల్లోకి దించినా. నీళ్లు బానెట్టు దాకా వచ్చినాయి, అద్దాల దాకా వచ్చినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చక్రాలు నేల వదిలేసినాయి! వేరే బండైతే మునగాల. ఇది ఈత కొట్టడం మొదలుపెట్టింది. వైపర్లేస్తే అలలు అటొకటి ఇటొకటి పక్కకి తప్పుకుంటా ఉండాయి."

"నీళ్లలో ఎన్నో గేరు?" అని అడిగాను.

"నాలుగు. అయిదేస్తే శ్రీలంకలో తేలుతాం, మనకాడ పాస్‌పోర్టు యాడిది? పడవకి కొక్కెం తగిలిచ్చి లాగతా ఉండా. కృష్ణపట్నం కాడ ఎదురుగా పెద్ద ఓడ. ఊరంత ఉండాది! లైటు కొట్టినా. వాడు హారన్ కొట్టినాడు. నేను డబుల్ హారన్ కొట్టినా. ఆఖరికి వాడే సైడిచ్చి, 'పొండి సార్' అని దణ్ణం పెట్టినాడు."

"తలుపుల్లోంచి నీళ్లు రాలేదా?" జడ్సన్ గొంతులో కూడా ఇప్పుడు అనుమానం తొంగిచూసింది.

"ఒక్క చుక్క వస్తే నా పేరు మార్చుకుంటా. కాకపోతే ఏసీ కన్నాల్లోంచి చందువ చేపలు పడినాయి, ఒకటీ రెండూ కాదు, నలభై. ఇంజను వేడి మీదే మీ వదిన పులుసు పెట్టేసింది. ఒడ్డుకొచ్చి పడవలోని ఆరుగురికీ అన్నం పెట్టి పంపించినాం! ఇంక మీ చలి ఎంత చెల్లెమ్మా దీనికి?"

జడ్సన్ భార్య వైపు చూశాడు. కరుణాకుమారి మెల్లగా లేచింది. రోడ్డుకి అవతల కాలవకట్ట వైపు చెయ్యి చూపించింది.

"అన్నా, ఈ కొట్టు ముందర ఇంత నీడ ఉండాది, స్థలం ఉండాది. నువ్వేమో బండిని తీసకపోయి ఆ కట్ట దిగుడులో, ముక్కు కిందకి పెట్టి, చక్రం కింద రాయి పెట్టి ఎండలో ఆపినావు. మా నాయన కూడా ట్రాక్టరు బ్యాటరీ పోయినప్పుడు అట్టాగే ఆపేవాడు. రాయి తీస్తే దొర్లి స్టార్టయ్యేది."

నాకు ఒళ్లు మండింది. గంట నుంచీ ఎదురుగా ఉన్న రాయి నా కంటబడలేదు. బెన్హర్‌కి రోషం పొడుచుకొచ్చింది.

"బ్యాటరీని ఒక్క మాట అనబాక! కొత్త బ్యాటరీ అది, మొన్ననే వేయించినా. పోయింది సెల్ఫ్ మోటారు!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. నేను నవ్వబోయాను గానీ కరుణాకుమారి నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"మా ఇల్లు చదునులో ఉండాది అన్నా," అంది. "నాలుగింటికి వీధిలో ఎవరూ లేవరు. మాకున్నది మేమిద్దరమే. ఆయన స్టీరింగు కాడ కూర్చుంటే, బండి తోయాల్సింది నేను."

బెన్హర్ బల్ల మీంచి లేచాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఈ బండి మీకొద్దు జడ్సనూ," అన్నాడు. "రేపు తెల్లారి ఎవురిదన్నా మంచి బండి అడిగి తీసుకోని నేనే వస్తా. నాలుక్కి."

"నిజంగా వస్తావా?" అంది కరుణాకుమారి.

"మూడున్నరకే..." అనబోయి ఆగాడు. "నాలుక్కే వస్తానమ్మా."